బడి మాన్పించి ఇంట్లోనే చదివించాలంటే ముందు ఏం చూసుకోవాలి? (8, 6 ఏళ్ల పిల్లలు, ఏడాది పాప)

రాజాం తల్లి:

అందరికీ వందనాలు. మాది రాజాం దగ్గర పల్లె. పెద్దవాడికి 8 నిండాయి, ఈ ఏప్రిల్‌తో మూడో తరగతి అయిపోతుంది. రెండోది ఆడపిల్ల, 6 ఏళ్లు, జూన్‌లో ఒకటో తరగతి. చిన్నదానికి 13 నెలలు, ఇంకా పాలు తాగుతోంది. జూన్ నుంచి పెద్దవాళ్లిద్దరినీ ఇంట్లోనే చదివించాలని ఆయనా నేనూ ప్రార్థన చేసుకుని అనుకున్నాం. బడిలో ఇంకా చెప్పలేదు.

నాది తెలుగు మీడియం డిగ్రీ. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడలేను. నెలకు 14 వేలతో ఇల్లు నడవాలి. యూట్యూబ్‌లో అమెరికా తల్లుల టైం టేబుళ్లు చూశాను. బాగానే ఉన్నాయి గానీ వాళ్లు బోరు దగ్గర బిందె పట్టుకుని నిలబడక్కర్లేదు కదా.

అసలు దీనికి చట్టం ఒప్పుకుంటుందా, రేపు పదో తరగతి పరీక్ష ఎలా రాయిస్తారు అన్నది మొదటి భయం. పెద్దవాడు మూడో తరగతి అయిపోతున్నా ఒత్తులొస్తే ఆగిపోతాడు. వాడికి బైబిలు చదివిస్తూనే తెలుగు నేర్పొచ్చా? రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి? చంటిదాన్ని చంకలో పెట్టుకుని ఇది జరిగే పనేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "దేవుడే చూసుకుంటాడు" అన్న మాట మా ఇంట్లో రోజూ అనుకుంటాం, దానికి తోడు ఇంకేదైనా చెప్పండి.


కాగితాల మాస్టారు:

వందనాలమ్మా. పాఠాల సంగతి వేరేవాళ్లు చెబుతారు, నేను కాగితాల సంగతి చెబుతాను. ఇంటి చదువులో పిల్లలు చదువు దగ్గర కంటే కాగితం దగ్గర ఎక్కువ దెబ్బ తింటారు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో 10వ సెక్షన్, పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు జరిమానా అనో శిక్ష అనో ఎక్కడా రాయలేదు. ఇంట్లో చదివించుకోవచ్చు అనీ ఎక్కడా రాయలేదు. కాబట్టి "చట్టం ఒప్పుకుంది" అని ధైర్యం చెప్పేవాళ్లనూ నమ్మొద్దు, "జైల్లో వేస్తారు" అని బెదిరించేవాళ్లనూ నమ్మొద్దు. మీరు నిలబడేది ఆ రెంటి మధ్య.

అలా నిలబడాలంటే చేతిలో ఒక ఫైలు ఉండాలి. బడి బయట పిల్లల లెక్క తీసేటప్పుడు గ్రామ సచివాలయం నుంచి వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంటో, మండలం నుంచి విద్యాశాఖ మనిషో ఇంటికి వస్తారు. వాళ్ల పని పేర్లు రాసుకోవడం. వాళ్లకు బైబిలు వాక్యం ఎత్తి వాదించకండి, ఫైలు చూపించండి. జనన ధ్రువపత్రం, ఆధార్, టీకాల కార్డు, ఇప్పటి బడి ఇచ్చిన రికార్డ్ షీటు (ప్రాథమిక బడిలో టి.సి.కి బదులు ఇచ్చేది ఇదే), అపార్ నంబరు (పిల్లాడి చదువు రికార్డుకు ఇచ్చే గుర్తింపు నంబరు), నెలకు రెండు చొప్పున పిల్లాడు తన చేత్తో రాసిన పేజీలు, తేదీలతో. తేదీ లేని పేజీ ఎందుకూ పనికిరాదు.

మీ ఊరికి ఒక తిరకాసు ఉంది. రాజాం 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పెద్దవాడి జనన ధ్రువపత్రంలో శ్రీకాకుళం అని ఉంటుంది, ఇప్పుడు తీసే కాగితాల్లో విజయనగరం అని వస్తుంది. అది తప్పు కాదు. అయితే రెండు జిల్లాల పేర్లున్న కాగితాలు ఒకే ఫైల్లో చూసి ఎవరైనా "మీరు వేరే ఊరి నుంచి వచ్చారా" అంటే చెప్పడానికి ఆధార్‌లో చిరునామా ఇప్పుడే సరిచేయించుకోండి.

ఇక డబ్బు. తల్లికి వందనం అనే రాష్ట్ర పథకం కింద బడికెళ్లే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. బడిలో పేరు, 75 శాతం హాజరు ఉండాలి. పేరు తీసేస్తే అది రాదు. ఇద్దరికి 26,000. మీ ఇంటి రాబడిలో దాదాపు రెండు నెలలు. సర్కారు బడి అయితే పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు కూడా లెక్కలో వేసుకోండి. వద్దని చెప్పడం లేదు, లెక్క ముందే వేసుకోండి అంటున్నాను. డబ్బు కోసం బడిలో పేరు అలా ఉంచేసి ఇంట్లో కూర్చోబెట్టే ఆలోచన మాత్రం చేయకండి. అబద్ధపు హాజరు వేయించుకుని పొద్దున్నే పది ఆజ్ఞలు వల్లె వేయించడం కుదరదు కదా.

పరీక్షల దారి ఉంది. ఎన్.ఐ.ఓ.ఎస్. అంటే జాతీయ ఓపెన్ స్కూలు, వాళ్ల ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో మూడు మెట్లు. ఏ అంటే మూడో తరగతికి సమానం, బి అంటే అయిదు, సి అంటే ఎనిమిది. వాళ్ల గుర్తింపు ఉన్న సంస్థ ద్వారా చేరాలి. పెద్దవాడికి ముందుముందు బి మెట్టు పనికొస్తుంది. 14 ఏళ్లు నిండాక పదో తరగతికి రెండు దారులు, ఎన్.ఐ.ఓ.ఎస్. లేదా ఏపీ ఓపెన్ స్కూల్. ఎన్.ఐ.ఓ.ఎస్.లో తెలుగు మీడియం ఉంది, అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. టి.ఎం.ఏ. అనే ఇంటి అసైన్‌మెంటుకు 20 శాతం మార్కులు ఉంటాయి. పరీక్ష బాగా రాసి ఇది ఇవ్వడం మర్చిపోయేవాళ్లు చాలామంది.

ఎవరూ చెప్పని సంగతి ఒకటి. ఇంటరు తర్వాత ఇంజినీరింగు లాంటి సీట్లకు లోకల్ అని చూపించడానికి బడి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవని పిల్లలకు వాటి బదులు, పరీక్షకు ముందు ఏడేళ్లు ఇక్కడే ఉన్నట్టు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టాలి. అందుకని మధ్యలో రెండేళ్లు చెన్నై వెళ్లి వస్తాం, హైదరాబాద్‌లో పనికి వెళ్తాం అనుకునే కుటుంబాలు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. మన జిల్లాల నుంచి వలసలు ఎక్కువ కాబట్టి చెబుతున్నాను.


చింతగింజల టీచరు:

మాస్టారు భయపెట్టేశారు గానీ ఆయన చెప్పింది నిజమే. నేను పాఠాల దగ్గరకు వస్తాను.

బడిలో ఒక పీరియడు 40 నిమిషాలు, అందులో మీవాడికి దక్కేది రెండు మూడు నిమిషాలు. ఇంట్లో ఎదురుగా కూర్చుని చెప్పే పది నిమిషాలు దానికంటే ఎక్కువ. ఆరేళ్ల పిల్లకు రోజు మొత్తం మీద 45 నిమిషాలు, ఎనిమిదేళ్ల వాడికి రెండు గంటలు చాలు, అదీ 15 నిమిషాల ముక్కలుగా. ఆరు గంటలు కూర్చోబెట్టే తల్లులు ఆగస్టు నాటికి అరవడం మొదలుపెడతారు, దసరాకు పిల్లల్ని మళ్లీ బడికి పంపిస్తారు. అలిసిపోయేది పిల్లలు కాదు, తల్లి.

ఇద్దర్నీ కలిపి చెప్పడానికి ఒక్కటే పద్ధతి: ఒకరికి నోటి పని అయితే ఇంకొకరికి చేతి పని. వాడితో మీరు చదివించేటప్పుడు అమ్మాయి పలక మీద దిద్దుకుంటుంది. అమ్మాయితో అక్షరాలు చదివించేటప్పుడు వాడు నిన్నటి పేరా చూసి రాసుకుంటాడు. ఇద్దరికీ ఒకేసారి మీ నోరు కావాల్సిన పని పెట్టారంటే అక్కడే గొడవ.

ఒత్తుల సంగతి కాస్త వివరంగా చెబుతాను, అక్కడే చాలామంది ఆగిపోతారు గనక. ముందు వాడు ఎక్కడ ఆగుతున్నాడో తేల్చుకోండి. మూడు చీటీలు రాయండి, ఒక్కోదాంట్లో పది మాటలు. మొదటిదాంట్లో గుణింతం లేనివి: పడవ, వల, గంప, కలప. రెండోదాంట్లో గుణింతాలు: కోడి, మేక, తాటాకు, నాగలి. మూడోదాంట్లో ఒత్తులు. పదికి ఎనిమిది తడబడకుండా చదివితేనే తర్వాతి చీటీ. ఒత్తులు రావడం లేదని తీసుకొచ్చిన పిల్లల్లో చాలామందికి అసలు లోపం రెండో చీటీలోనే బయటపడుతుంది. "కొ" "కో" తేడా తెలియదు, "మ"ను "వు" అని చదువుతారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెద్దగా రాసి, వకారం కింద కొమ్ము ఎటు తిరిగిందో వేలితో దిద్దించాలి.

ఒత్తుల్లో ముందు అదే అక్షరానికి అదే ఒత్తు: అక్క, కప్ప, గడ్డి, బొగ్గు, చెట్టు. ఇవి రెండు వారాలు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన చిన్న అక్షరంలానే ఉంటాయి, పిల్లాడే పోల్చుకుంటాడు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. కష్టమేమిటంటే ఎక్కువగా వచ్చేవి అవే. ఆ ఆరింటినీ అట్టముక్క మీద రాసి గోడకు పెట్టండి: అత్త, అన్నం, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఇంట్లో రోజూ వాడే మాటలు కాబట్టి బొమ్మలు అక్కర్లేదు.

తర్వాత వేరే అక్షరం ఒత్తు. ఇక్కడ పిల్లాడు ఎందుకు తప్పుతాడో చూడండి. "భక్తి" రాస్తే గుడి క మీద ఉంటుంది, త ఒత్తు కింద ఉంటుంది. కంటికి కనిపించే వరసలో చదివితే "భకిత" అవుతుంది. నోటికి మాత్రం క్, త్, ఇ అనే వరస రావాలి. అంటే గుడి పైఅక్షరం మీద కూర్చున్నా దాని చప్పుడు కింది ఒత్తుకు పోతుంది. చూపుడు వేలు క మీద పెట్టించి, కిందికి ఒత్తు మీదికి దింపి, మళ్లీ పైకి గుడి దగ్గరకు తెచ్చి, అప్పుడు చదివించండి. శక్తి, కీర్తి, ముక్తి, రాత్రి, కుర్చీ. రోజుకు అయిదు మాటలు, అదే వేలి దారి. నెల రోజుల్లో వేలు వదిలేస్తాడు.

బైబిలుతో తెలుగు నేర్పొచ్చా అంటే, చదవడం నేర్పొచ్చు, ఒక్క దానితోనే రాయడం నేర్పకూడదు. మన పాత అనువాదమంతా గ్రాంథికం. దాన్ని గడగడా చదివే పిల్లాడికి ఏ పుస్తకమూ లెక్క ఉండదు, అది పెద్ద లాభం. నష్టం ఏమిటంటే కాంపోజిషన్‌లో "మా తాత సంతకు వెళ్ళెను" అని రాస్తాడు. మన పిల్లల దగ్గర మూడు తెలుగులు ఉన్నాయి మరి: బైబిల్లో "వెళ్ళెను", పాఠంలో "వెళ్లాడు", ఇంట్లో "ఎల్లేడు". మూడూ తెలుగే, ఏదీ తప్పని కొట్టకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులు పుట్టిన పర్వతాలపేట మన శ్రీముఖలింగం దగ్గరే, అదైనా గుర్తుంచుకుని. మూడు వచనాలు చదివించి పుస్తకం మూయించండి. వాడు తన మాటల్లో చెబుతాడు. ఆ చెప్పింది మీరు పాఠం తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసిపెట్టండి. మర్నాడు వాడికి చూచిరాత అదే. చదివింది గ్రాంథికం, రాసింది వాడుక, రెండూ వస్తాయి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే, అన్నీ జరిగే సంగతులే. లేవీయకాండంతో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఇళ్లు చాలా ఉన్నాయి.

కంఠత వాక్యానికి చిన్న కీర్తనలు తీసుకోండి. 117లో 2 వచనాలు, 100లో 5, 23లో 6, 121లో 8. మొత్తం 21, వారానికి ఒకటి అనుకుంటే 21 వారాలు. జూన్ మధ్యలో మొదలుపెడితే నవంబరు రెండో వారానికి అయిపోతాయి. తర్వాత క్రిస్మస్‌కు లూకా 2లో గొర్రెల కాపరుల భాగం, 8 నుంచి 14 దాకా. వచనం పలక మీద రాసి రోజుకు రెండు మాటలు చెరపండి. శనివారానికి పలక ఖాళీ, నోట్లో వచనం నిండు. ఆదివారం సండే స్కూల్లో అప్పజెప్పించండి, ఇంట్లో వాళ్ల ముందు కాకుండా వేరేవాళ్ల ముందు చెప్పడం కూడా ఒక చదువే.

లెక్కలకు కొబ్బరి ఈనెలు సమానంగా విరిచి పదేసి కట్టలు కట్టండి, రబ్బరు బ్యాండు వేసి. 52లోంచి 27 తీయాలి. అయిదు కట్టలు, రెండు విడివి. విడివి రెండే ఉన్నాయి, ఏడు ఎక్కణ్నుంచి ఇస్తాడు? ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు తీస్తే అయిదు, రెండు కట్టలు తీస్తే రెండు. 25. "పక్కింటి నుంచి ఒకటి అప్పు" అని బడిలో చెప్పేది ఈ విప్పడమే. విప్పడం చూడకుండా అప్పు నేర్చుకున్న పిల్లాడు 500లోంచి 36 తీయమంటే బిక్కమొహం వేస్తాడు.

భిన్నాలకు మన కొలతలంత మంచి పరికరం ఏ కంపెనీ అమ్మదు. కుంచానికి 2 అడ్డలు, 4 మానికలు, 8 తవ్వలు, 16 సోలలు, 64 గిద్దెలు. సోలకు నాలుగు గిద్దెలు, ఆపైన ప్రతిదీ కిందిదానికి రెట్టింపు. అటక మీద తవ్వ, సోల, గిద్దె పడి ఉంటే దింపండి. బియ్యం పోసి సగం, పాతిక, అరపాతిక కంటితో చూపించండి. లేకపోతే ఒకే సైజు గ్లాసులతో చేయండి.

ఇంగ్లీషుకు ప్రత్యేకంగా ఏమీ కొనొద్దు. సర్కారు పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉన్నవి దొరుకుతాయి. తెలుగు పేజీ చదివాక ఎదురు పేజీలో అవే మాటలు వెతికించండి. మీ ఇంగ్లీషు కూడా బాగవుతుంది.


ఉద్దానం పిన్ని:

అమ్మాయ్, టీచరు గారి పేరులోనే ఉంది గనక ముందే చెబుతున్నాను. 13 నెలల పిల్ల ఉన్న ఇంట్లో చింతగింజలు, సెనగలు, రబ్బరు బ్యాండ్లు కింద పెట్టకు. ఆ వయసులో ఏది దొరికితే అది నోట్లోకే, గింజ గొంతులో ఇరుక్కుంటే ఊపిరాడదు. కొబ్బరి ఈనెలు కూడా కంట్లో గుచ్చుకుంటాయి. అన్నీ మూతున్న డబ్బాలో వేసి గూట్లో పెట్టి, చంటిది పడుకున్నాకే దింపు.

ఇప్పుడు దాని నిద్ర లెక్క. ఈ ఈడు పిల్లలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పడుకుంటారు. ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్యలో పొద్దుటి నిద్ర మానేస్తారు. అంటే ఇప్పుడు పొద్దున పదింటికి చదువు అని పెట్టుకున్నది ఆగస్టుకల్లా చెడుతుంది. చెడినప్పుడు నీ పద్ధతే తప్పేమో అని దిగులు పడకు, చదువును దాని మధ్యాహ్నం నిద్రకు జరుపు. పెద్దవాడికి ఒత్తులు, లెక్కలు, ఈ రెండింటికి మాత్రం చంటిది నిద్రలో ఉండాలి. మిగతావి అది లేచి ఉన్నా సాగుతాయి.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు ఎప్పుడు నేర్పాలో నాలుగు వేళలు ఉన్నాయి: ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగింట్లో కూర్చునేది ఒక్కటే. ఎక్కాలు బోరుకెళ్లే దారిలో చెప్పించు. కంఠత వాక్యం పక్కలు ఎత్తేటప్పుడు. సంతలో వంకాయలు అరకిలో ఇంత అయితే ముప్పావు ఎంత అని అక్కడే అడుగు, అమ్మేవాడికీ సరదాగా ఉంటుంది.

రాత్రి కుటుంబ ప్రార్థన పావుగంట. పల్లవి, రెండు చరణాలు, ఆరేడు వచనాలు, ఒక పిల్ల తిరిగి చెప్పడం, ప్రార్థన. మీ ఆయనకు ముందే చెప్పు, పెద్ద ప్రార్థన పిల్లలు పడుకున్నాక చేసుకోమని. ఊళ్లోవాళ్లందరి పేర్లూ ఎత్తి ఇరవై నిమిషాలు ప్రార్థిస్తే ఆమెన్ అనేసరికి ఒక్కరూ మెలకువగా ఉండరు. ప్రార్థన రాత్రి అన్నం తినకముందే పెట్టు, తిన్నాక అసలు సాగదు.

పొయ్యి దగ్గర గడిపే పొద్దు తగ్గించు. పొద్దున టిఫిన్లు మానేసి చోడి (రాగి) అంబలి పెట్టు. రాత్రి నాలుగు పెద్ద చెంచాల చోడిపిండి ఒక గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టు. పొద్దున అర గ్లాసు నూకలు నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడకనిచ్చి, పులిసిన పిండి నీళ్లు సన్నగా పోస్తూ కలుపు. సన్నసెగ మీద పది నిమిషాలు. పొడిపిండి నేరుగా వేడినీళ్లలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండలు కడుతుంది, ఎంత చిలికినా విడవదు. చలికాలం రాత్రంతా పులియాలి, మే నెలలో పడుకోబోయే ముందు కలిపితే చాలు, సాయంత్రమే కలిపితే పిల్లలు మొహం తిప్పేసేంత పులుపు వస్తుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన ఉల్లిపాయ. నలుగురికి సరిపోతుంది. చంటిదానికి మాత్రం పులియనిది, అప్పటికప్పుడు కాచి, ఉప్పు లేకుండా. బడి భోజనంలో వచ్చే గుడ్డు ఇక నువ్వే కొనాలి, దాన్ని ఖర్చులో రాసుకో, మానెయ్యకు.

పనులు పంచు. అమ్మాయి పప్పు ఏరుతుంది, గుడ్డలు మడతపెడుతుంది. పెద్దవాడు తన కంచం తను కడుక్కుంటాడు, అయిదు లీటర్ల బకెట్టు మోస్తాడు, బిందె ఎత్తించకు. చంటిదాన్ని మాత్రం ఆరేళ్ల పిల్ల మీద వదిలేసి పొయ్యి దగ్గరకు పోవద్దు.

బడిలో జరిగేవి కొన్ని నువ్వు గుర్తుపెట్టుకుని చేయించాలి. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10, ఆగస్టు 10న ఇస్తారు. బడికెళ్లని పిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు, అడిగి వేయించు. అమ్మాయికి అయిదేళ్ల బూస్టరు పడిందో లేదో కార్డు చూడు. పెద్దవాడికి పదో ఏట టి.డి. (ధనుర్వాతం, డిఫ్తీరియా) ఇంజెక్షను. బడిలో ఉంటే వాళ్లే గుర్తు చేస్తారు, ఇంట్లో ఉంటే ఎవరూ చెయ్యరు.

అక్టోబరు నెలలో పాఠాలు తక్కువ పెట్టుకో. అది తుఫాన్ల నెల, హుద్‌హుద్ 2014లో అక్టోబరు 12న, తిత్లీ 2018లో అక్టోబరు 11న వచ్చాయి. మాస్టారు చెప్పిన ఆ ఫైలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేకు పెట్టెలో ఉంచు. తడిసిన కాగితానికి నకలు తీయాలంటే నెలలు పడుతుంది.


నాగావళి ఒడ్డు:

పిన్ని గారు చెప్పినవన్నీ సరే, నాది వేరే సలహా. రికార్డ్ షీటు ఇప్పుడే తీయించకండి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, ఏడు వారాలు. వారానికి అయిదు రోజులు చొప్పున 35 పూటలు. మేలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) వారం, రెండు పెళ్లిళ్లు తీసేసినా 25 పూటలు కూర్చోగలిగితే మీ ఇంటికి ఇది కుదురుతుంది. పదిహేను కూడా దాటకపోతే ఈ ఏడాదికి బడి ఉంచి, ఒత్తులు, వాక్యం సాయంత్రం ఇంట్లో చూసుకోండి. ఒక కాలెండరు మీద కూర్చున్న రోజున అడ్డగీత గీయండి, గుర్తుతో లెక్క వేయకండి. గుర్తు ఎప్పుడూ మనకు అనుకూలంగానే చెబుతుంది.

పుస్తకాల బయటి చదువుకు మీకు పొందూరు దగ్గర. ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వడం చూపించండి. దువ్వెన పళ్లలాంటి ఆ సన్నటి పళ్లు పత్తిలోని చెత్తను ఎలా పట్టుకుంటాయో చూస్తే సైన్సు పాఠం, చరిత్ర పాఠం ఒక పూటలో అయిపోతాయి. చలికాలంలో తేలినీలాపురం వెళ్తే పెలికాన్లు కనిపిస్తాయి.


రాజాం తల్లి:

అందరికీ వందనాలు. చీటీల పరీక్ష పెట్టాను, టీచరు గారు చెప్పినట్టే రెండో చీటీలో నాలుగు తప్పులు. సెలవుల్లో పరీక్షించుకోమన్న మాటా నచ్చింది. ఇంకో రెండు సంగతులు. మా పాస్టరమ్మ గారు ఈ మాట విని, చర్చి హాల్లో నాలుగు కుటుంబాల పిల్లల్ని పోగేసి రోజూ చెబుదాం, తలా 300 ఇస్తారు, నువ్వే చెప్పు అంటున్నారు. చేయొచ్చా? ఒకటి రెండేళ్ల తర్వాత కుదరకపోతే మళ్లీ బడిలో ఏ తరగతిలో వేస్తారు?


కాగితాల మాస్టారు:

మొదటిది వద్దమ్మా. మీ పిల్లలకు మీరు చెప్పుకోవడం వేరు, నలుగురి పిల్లల్ని బడి వేళల్లో రోజూ కూర్చోబెట్టి ఫీజు తీసుకోవడం వేరు. రెండోది గుర్తింపు లేని బడి కింద లెక్కకొస్తుంది. అదే చట్టంలో 18వ సెక్షన్ ప్రకారం లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా నడిపితే రోజుకు పది వేలు. తల్లిదండ్రులకు శిక్ష రాయని చట్టం బడి నడిపేవాళ్లకు మాత్రం రాసింది. అది మీ మీద పడుతుంది, హాలు ఇచ్చిన సంఘం మీదా పడొచ్చు. పాస్టరమ్మ గారి ప్రేమ మంచిదే, దాన్ని శనివారం సాయంత్రానికి మళ్లించండి. పిల్లలందరూ చేరి వాక్యం అప్పజెప్పుకోవడం, పాటలు, ఆటలు. ఫీజు వద్దు, బోర్డు వద్దు, హాజరు పట్టీ వద్దు.

రెండోదానికి భయం లేదు. 4వ సెక్షన్ ప్రకారం బడి మానేసిన పిల్లాణ్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పదేళ్ల వాడైతే అయిదులో వేస్తారు, మూడు అయిపోయింది కదా నాలుగులో కూర్చో అనరు. ఏడాది మధ్యలో వెళ్లినా కాదనకూడదు. కాకపోతే అయిదులోనూ ఎనిమిదిలోనూ ఇప్పుడు పరీక్ష తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకు ఉంది, 2019లో చట్టం మార్చారు. అందుకని వెనక్కి పంపాలనుకుంటే నాలుగులోనో ఆరులోనో పంపడం తేలిక.

జూన్‌లో రికార్డ్ షీటు తీసుకుంటే అక్కడే నిలబడి ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి. సంఘంలో పెట్టిన పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఒకటి అయ్యే ఇళ్లు మనవాళ్లలో ఎక్కువ. బాప్తిస్మం పేరు ఆధార్‌లో ఉండి పాత పేరు రికార్డ్ షీటులో ఉంటే, దాన్ని దిద్దించేది హెడ్మాస్టారు పుస్తకం మూయకముందే.